పర్సనల్ ట్రైనర్‌గా కొత్తగా చేరారా? ధైర్యం కండల్లో లేదు.. తొలి 10 నిమిషాల్లో ఉంది!

జిమ్‌లో ట్రైనర్‌గా మొదటి రోజు. చేతిలో సర్టిఫికెట్ ఉంది, బాడీ కూడా ఫిట్‌గానే ఉంది. కానీ ఎదురుగా నిలబడ్డ క్లయింట్ వయసు 48. "మోకాలు నొప్పి ఉంది తమ్ముడూ.. స్క్వాట్స్ చేయొచ్చా?" అని అడగ్గానే నోట మాట రాదు. కొత్త ట్రైనర్లలో చాలామందికి ఎదురయ్యే సీన్ ఇది. మరి ఈ భయం పోయేదెలా? అసలు కాన్ఫిడెన్స్ ఎక్కడి నుంచి వస్తుంది? చూద్దాం.

భయం ఎందుకు?

కోర్సులో కండరాల పేర్లు, ఎక్సర్‌సైజుల లిస్టు నేర్పిస్తారు. ఫ్లోర్ మీదకు వచ్చేది మాత్రం రకరకాల మనుషులు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు, డెలివరీ తర్వాత బరువు పెరిగినవాళ్లు, పెళ్లికి రెండు నెలల ముందు సన్నబడాలని వచ్చేవాళ్లు. పక్కనేమో సీనియర్ ట్రైనర్ల కండలు. దీంతో తనకేమీ రాదేమో అన్న డౌట్ మొదలవుతుంది.

ఈ భయాన్ని దాచుకోవడానికి కొందరు మొదటి రోజే క్లయింట్‌కు చుక్కలు చూపిస్తారు. "రేపు మెట్లు దిగలేకపోతే వర్కౌట్ బాగా పడినట్టే" అంటారు. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. అలవాటు లేని శరీరానికి ఒకేసారి భారీ వర్కౌట్ ఇస్తే కండరాల కణాలు దెబ్బతిని, వాటిలోని పదార్థాలు రక్తంలోకి చేరతాయి. దీన్ని డాక్టర్లు రాబ్డోమయోలైసిస్ అంటారు. ముదిరితే కిడ్నీలకే ముప్పు. తీవ్రమైన నొప్పి, వాపు, మూత్రం ముదురు గోధుమ రంగులో రావడం దీని లక్షణాలు. అలా కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. మామూలు ఒళ్లు నొప్పులు వేరు. అవి ఒకటి నుంచి మూడు రోజుల్లో ఎక్కువగా తెలిసి, ఆ తర్వాత తగ్గిపోతాయి.

సైకాలజీ ఏం చెబుతోంది?

ఒక పని తాను చేయగలనన్న నమ్మకం ఎలా పుడుతుందో సైకాలజిస్ట్ ఆల్బర్ట్ బందూరా 1977లోనే వివరించారు. ఆయన చెప్పిన దారులు నాలుగు. స్వయంగా చేసి సక్సెస్ కావడం, తనలాంటి వాళ్లు చేస్తుంటే చూడటం, నమ్మకమైన వాళ్లు ప్రోత్సహించడం, గుండె దడ లాంటి వాటిని సరిగ్గా అర్థం చేసుకోవడం. వీటిలో మొదటిదే అన్నింటికన్నా బలమైనది. అంటే అద్దం ముందు నిలబడి "నేను చేయగలను" అనుకుంటే సరిపోదు. చిన్నదైనా సరే, ఒక పనిని సరిగ్గా పూర్తి చేయాలి.

తొలి 10 నిమిషాలు.. అడగడమే పని

కొత్త ట్రైనర్‌కు వెంటనే చేతికందే పని ప్రశ్నలు అడగడం. దీనికి పార్-క్యూ అనే ఫామ్ చాలా దేశాల్లో వాడుకలో ఉంది. అందులో మొదట వచ్చేవి ఏడు ప్రశ్నలే. పాత ఫామ్‌లో అడిగేవి ఇవీ..

- గుండె సమస్య ఉందని డాక్టర్ ఎప్పుడైనా చెప్పారా?
- శ్రమ చేసినప్పుడు ఛాతీలో నొప్పి వస్తుందా?
- గత నెలలో ఊరికే ఉన్నప్పుడు ఛాతీ నొప్పి వచ్చిందా?
- కళ్లు తిరిగి తూలడం, స్పృహ తప్పడం జరిగాయా?
- వ్యాయామంతో పెరిగే ఎముక, కీళ్ల సమస్య ఉందా?
- బీపీకి, గుండెకు మందులు వాడుతున్నారా?
- వ్యాయామం చేయకూడదనడానికి ఇంకేదైనా కారణం ఉందా?

ఒక్కదానికి 'అవును' అన్నా, ముందు డాక్టర్‌ను కలవమని చెప్పాలి. అలా చెబితే క్లయింట్ పోతాడేమో అన్న భయం వద్దు. తన ఆరోగ్యం గురించి అడిగే ట్రైనర్‌నే మనుషులు నమ్ముతారు.

మొదటి సెషన్ ఇలా..

ప్లాన్ చిన్నగా ఉండాలి. నాలుగైదు ఎక్సర్‌సైజులు చాలు. స్క్వాట్ రానివాళ్లతో బెంచ్ మీద కూర్చుని లేపించాలి. పుషప్ రానివాళ్లకు గోడ ఉంది. మాట్లాడగలుగుతున్నారు, కానీ పాట పాడలేకపోతున్నారంటే శ్రమ మధ్యస్థంగా ఉందని లెక్క. మాట కూడా తెగిపోతుంటే స్పీడ్ తగ్గించాలి.

బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకే ఎత్తేటప్పుడు ఊపిరి వదలమని చెప్పాలి. తప్పులు నాలుగు కనిపించినా ఒకసారికి ఒక్కటే సరిదిద్దాలి. అన్నీ ఒకేసారి చెబితే క్లయింట్ కంగారు పడతారు, ట్రైనర్ కూడా తడబడతాడు.

'తెలియదు' అనడం తప్పు కాదు

"ప్రోటీన్ పౌడర్ వాడాలా?" అన్న ప్రశ్న దాదాపు అందరూ అడుగుతారు. అమ్మితే కమిషన్ వస్తుందన్న ఆశ కూడా ఉండొచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు మాత్రం కండల కోసం ప్రోటీన్ సప్లిమెంట్లు వద్దనే చెబుతున్నాయి. సాధారణ పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ అన్నది ఐసీఎంఆర్ లెక్క. అంటే 65 కిలోల మనిషికి సుమారు 54 గ్రాములు. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాములు ఉంటాయి.

షుగర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ల డైట్ ట్రైనర్ పని కాదు. "సార్, ఇది డాక్టర్‌నో డైటీషియన్‌నో అడగాలి" అని చెప్పేయడమే మంచిది. ఇంజెక్షన్లు, స్టెరాయిడ్ల మాట వస్తే ఒక్కటే సమాధానం.. వద్దు.

రోజూ చేయాల్సిన ప్రాక్టీస్

ఇంట్లో అమ్మ, బాబాయ్, పక్కింటి ఫ్రెండ్.. ఇలా వేర్వేరు వయసుల వాళ్లకు ఫ్రీగా నేర్పించాలి. సీనియర్ సెషన్ తీసుకుంటుంటే పక్కన నిలబడి చూడాలి. తాను చెప్పే తీరును ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినాలి.

సీపీఆర్ తప్పక నేర్చుకోవాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకు కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు ఛాతీని నొక్కాలి. ఇది చేతికి వస్తే 'ఏదైనా జరిగితే ఎలా' అన్న భయం సగం పోతుంది.

చివరగా, ఒక నోట్‌బుక్. ఎవరు, ఏ రోజు, ఎన్ని రెప్స్ చేశారో రాసుకోవాలి. మొదటి వారం కుర్చీ పట్టుకుని లేచిన ఆంటీ, నెల తర్వాత చేతులు ఆనించకుండా పదిసార్లు లేచారని ఆ పేజీలో కనిపిస్తే.. కాన్ఫిడెన్స్ కోసం వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు.

గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం మాత్రమే. ఆరోగ్య సమస్యలు ఉన్నవారు వ్యాయామం మొదలుపెట్టే ముందు డాక్టర్ సలహా తీసుకోవాలి.