ఎదిగే పిల్లలకు ఇంటి పాఠం

మన తెలుగు ఇళ్ళలో ఆడపిల్ల పెద్దమనిషి అయితే ఆ వార్త పదిమందికీ తెలుస్తుంది. చాప మీద కూర్చోబెట్టి చిమ్మిలి తినిపిస్తారు, పేరంటం చేస్తారు. కాని తన శరీరంలో ఏమి జరిగినదో ఆ బాలికకు వివరించేవారు అరుదు. మగపిల్లవాడి గొంతు బొంగురుపోతే నవ్వి ఊరుకుంటాము.

స్వదేశంలో తల్లి నోరు విప్పకపోయినా అమ్మమ్మో, మేనత్తో నాలుగు మాటలు చెప్పేవారు. మదీనాలో ఉన్న మనకు ఆ ఆసరా లేదు. బడిలో చెబుతారులే అనుకుందామా? సీబీఎస్ఈ బడులు అనుసరించే జాతీయ పాఠ్యపుస్తకాలలో ఈ పాఠం చాలాకాలం ఎనిమిదవ తరగతిలో ఉండేది. 2025లో వెలువడిన కొత్త పుస్తకాలలో ఏడవ తరగతికి వచ్చింది. అయితే ఈ మార్పులు సాధారణంగా బాలికలలో 8-13 ఏళ్ళ మధ్య, బాలురలో 9-14 ఏళ్ళ మధ్య ఆరంభమవుతాయి. పాఠం వచ్చేసరికే అనేకులలో మార్పు మొదలై ఉంటుంది.

మెదడులోని హైపోథాలమస్ నుండి వెలువడే ఒక చిన్న హార్మోను ఈ మార్పులకు నాంది. అందులో ఉన్నవి 10 అమైనో ఆమ్లాలు మాత్రమే. దాని నిర్మాణం 1971లో వెల్లడైంది. ఆ కృషికి షాలీ, గిలెమిన్‌లు 1977లో నోబెల్ బహుమతి పొందారు. ఈ హార్మోను పిట్యూటరీ గ్రంథిని ప్రేరేపించగా, ఆ గ్రంథి బాలికలో అండాశయాలను, బాలునిలో వృషణాలను మేల్కొలుపుతుంది. ఆజ్ఞ ఇద్దరికీ ఒక్కటే.

రసాయన శాస్త్రం మరొక విశేషం చెబుతుంది. పురుష హార్మోను అనబడే టెస్టోస్టెరోన్‌లో 19 కర్బన పరమాణువులు, స్త్రీ హార్మోను అనబడే ఎస్ట్రడయోల్‌లో 18 ఉంటాయి. అరోమటేజ్ అనే ఎంజైము మొదటిదానిని రెండవదానిగా మారుస్తుంది. రెండు హార్మోనులూ ఇద్దరిలోనూ ఉంటాయి; పాళ్ళే వేరు. కనుకనే ఈ వయస్సులో చాలామంది బాలురకు ఛాతీపై కొంత వాపు వచ్చి, సాధారణంగా ఒకటి రెండేళ్ళలో తగ్గిపోతుంది. ఈ సంగతి తెలియని పిల్లవాడు తనకేదో రోగమని లోలోపల కుమిలిపోతాడు. స్వప్నస్ఖలనం సహజమని తెలియక తప్పు చేసినట్లు బాధపడతాడు. రుతుక్రమం గురించి తెలిసిన అన్న మాత్రం చెల్లెలి నొప్పిని ఎగతాళి చేయడు. అందుచేత ఇద్దరికీ రెండు పాఠాలూ చెప్పాలి.

సిగ్గు అడ్డువస్తుందనే వారికి మనం నివసిస్తున్న ఈ నగరంలోనే సమాధానం ఉంది. రుతుస్నానం ఎట్లా చేయాలో ఒక స్త్రీ స్వయంగా ప్రవక్తనే అడిగి తెలుసుకున్నదని, ధర్మం నేర్చుకొనడానికి సిగ్గును అడ్డురానీయని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా మెచ్చుకున్నారని సహీహ్ ముస్లిం చెబుతున్నది. ఆ అన్సారీలు మదీనా వాసులే.

ఎనిమిదవ ఏటనే, పిల్లలు అడిగినప్పుడల్లా, చిన్న మాటలలో నిజం చెబుదాం. బాలికలో 8 ఏళ్ళకు, బాలునిలో 9 ఏళ్ళకు ముందే మార్పులు కనబడినా, 13, 14 ఏళ్ళు దాటినా కనబడకపోయినా వైద్యుని సంప్రదించాలి. భయం కలిగిన నాడు పిల్లలు మొదట మన దగ్గరకే రావాలంటే, అంతకు ముందే మనం వారితో మాట్లాడి ఉండాలి.