కుదుపు లేని గుర్రం

విశాఖపట్నంలో వన్ టౌన్ అనే పేట మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. రేవుకు ఆనుకుని ఉన్న పాత ఊరు అది. ఇరుకు సందులూ, పాతకాలపు మేడలూ, కురుపాం మార్కెట్టూ అన్నీ అక్కడే ఉన్నవి. ఇప్పుడు ఆ వీధులనిండా ఆటోలూ, మోటారు సైకిళ్లూ తిరుగుతున్నవి. కాని మీ తాతగారినో, అమ్మమ్మగారినో అడిగి చూడండి. మన కోస్తా పట్టణాలన్నిటిలోనూ ఒకప్పుడు జట్కాబళ్లు తిరిగేవి. రైలు దిగినవాళ్లు జట్కా ఎక్కి, మూటలు ఒళ్లో పెట్టుకుని, ఇల్లు చేరేదాకా పైకీ కిందికీ ఎగిరిపడుతూ పోయేవారు.

ఆ కుదుపులో కొంత రోడ్డుది, కొంత చక్రాలది. కాని బండి లేకుండా గుర్రం వీపు మీద కూర్చున్నా కుదుపు తప్పదు. ఎందుకని? ఆ రహస్యం గుర్రం అడుగులలో ఉన్నది. అది తెలుసుకోవటానికి గుర్రం అక్కరలేదు, మీ రెండు చేతులూ చాలు.

రెండు చేతులనూ బల్ల మీద ఆనించండి. ఎడమచేతి బొటనవేలు గుర్రానికి ఎడమ వెనకకాలు, చూపుడువేలు ఎడమ ముందుకాలు అనుకోండి. కుడిచేతి వేళ్లు అదే ప్రకారం కుడివైపు కాళ్లు. ఇప్పుడు ఎడమ బొటనవేలు, ఎడమ చూపుడువేలు, కుడి బొటనవేలు, కుడి చూపుడువేలు ఈ వరుసలో ఒక్కొక్కటిగా బల్ల మీద కొట్టండి. టక్, టక్, టక్, టక్! నాలుగు దెబ్బలు వినిపించినవి కదా! గుర్రం మామూలుగా నడిచేటప్పుడు దాని తాళం ఇదే.

ఇప్పుడు ఎడమ బొటనవేలూ, కుడి చూపుడువేలూ ఒక్కసారే కొట్టండి. వెంటనే కుడి బొటనవేలూ, ఎడమ చూపుడువేలూ కలిపి కొట్టండి. ఈసారి రెండే దెబ్బలు. గుర్రం నడక మాని చిన్న పరుగు అందుకున్నప్పుడు సాధారణంగా ఇలాగే అడుగులు వేస్తుంది. ఒక జత కాళ్లు లేచి, రెండవ జత ఆనేలోపల క్షణంపాటు గుర్రమంతా గాలిలో ఉంటుంది. మళ్లీ నేల మీదికి దిగుతుంది. దానితోపాటు వీపు మీద ఉన్నవాడు కూడా ఎగిరి, జీను మీద దబ్బున పడతాడు. కుదుపు అంటే ఇదే!

పూర్వం ఈ సంగతి కంటితో తేల్చటం ఎవరి వల్లా కాలేదు. గుర్రం కాళ్లు అంత వేగంగా ఆడతవి. 1878 లో అమెరికాలో ఈడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫరు దారి పొడవునా కెమెరాలు వరుసగా అమర్చి, దౌడు తీసే గుర్రాన్ని ఫోటోలు తీశాడు. నాలుగు కాళ్లూ ఒక్కసారే గాలిలో ఉండే క్షణం ఆ ఫోటోలలో స్పష్టంగా కనిపించింది. మన పూర్వులు మాత్రం గుర్రపు గతులను ఎంతో శ్రద్ధగా గమనించారు. అమరకోశంలో వాటికి ఐదు పేర్లున్నవి. ధౌరితకం, వల్గితం, ప్లుతం వాటిలో మూడు.

ఇక మళ్లీ బల్ల దగ్గరికి రండి. మొదట కొట్టిన నాలుగు దెబ్బల తాళమే, వరుస తప్పకుండా, వీలైనంత వేగంగా కొట్టండి. టకటక టకటక! కొన్ని గుర్రాలు వేగం పెంచినా ఈ తాళం విడిచిపెట్టవు. ఏ క్షణంలోనైనా వాటి కాలు ఒకటైనా నేల మీద ఆని ఉంటుంది. గుర్రం గాలిలోకి లేవదు గనక పైవాడు ఎగిరిపడడు. ఐస్‌లాండు దేశంలో ఇలాంటి గుర్రాల మీద కూర్చుని, చేతిలో నిండు గ్లాసు పట్టుకుని, తొణకకుండా పోయే పోటీలు పెడతారు! ఆ నడకను అక్కడివారు ‘టోల్ట్’ అంటారు. మన రాజస్థాన్, గుజరాత్ ప్రాంతాలలో మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలలో కొన్నిటికి కూడా ఇలాంటి మెత్తని నడక ఉన్నది. దాని పేరు ‘రేవాల్’. దానికీ పోటీలు జరుగుతవి.

కొన్ని గుర్రాలకే ఈ విద్య ఎలా వచ్చింది? 2012 లో స్వీడన్ దేశపు ఉప్సలా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు దీనికి ఒక కారణం కనిపెట్టారు. ప్రతి ప్రాణి శరీరంలోనూ జన్యువులు ఉంటవి. శరీరం ఎలా తయారుకావాలో అవి చెబుతవి. గుర్రంలో ‘డి.ఎం.ఆర్.టి.3’ అనే జన్యువు వెన్నుపాములోని కొన్ని నరాల కణాలకు పనికివస్తుంది. ఏ కాలు ఎప్పుడు లేవాలో సర్దేవి ఆ కణాలే. మెత్తని నడక గల అనేక జాతులలో ఆ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారిపోయింది. వాక్యం పూర్తికాకముందే ఎవరో మధ్యలో చుక్క పెట్టినట్టు అది అర్ధాంతరంగా ఆగిపోతుంది. అందుచేత కాళ్ల జతలు మామూలు పద్ధతిలో కట్టుబడి ఉండక, వేరే తాళంలో ఆడగలుగుతవి. ఇంగ్లండులోని యార్క్ పట్టణంలో దొరికిన, క్రీ. శ. 850–900 నాటి గుర్రపు ఎముకలలో కూడా ఈ మార్పు కనిపించింది. అయితే జన్యువు ఉన్నంత మాత్రాన సరిపోదు. మంచి కంఠం ఉన్నవాడు సాధన చేసినట్టు గుర్రమూ సాధన చేయాలి.

ఇలాంటి నడక అందరికన్న ఎక్కువగా ఎవరికి కావాలి? కొండల్లో ఉండేవారికి. అక్కడ దారి రాళ్లమయం. ఒకవైపు గుట్ట, మరొకవైపు లోయ. రోజంతా జీను మీద ఉండవలసినవాడికి, ఎగిరి దూకే గుర్రంకన్న కాలు నేల విడవని గుర్రమే ప్రాణబంధువు. అమెరికాలో కెంటకీ రాష్ట్రపు తూర్పు కొండలలో అలాంటి గుర్రాల కథ ఒకటి జరిగింది.

ఆ గుర్రాన్ని ‘రాకీ మౌంటెన్’ గుర్రం అంటారు. తమాషా ఏమిటంటే, రాకీ పర్వతాలు అమెరికాకు పడమట ఉన్నవి. ఈ గుర్రాలు పెరిగినది తూర్పున ఉన్న అపలాచియన్ కొండలలో. 1890 ప్రాంతంలో రాకీ పర్వతాల నుంచి వచ్చిన ఒక మగపిల్ల వీటికి మూలపురుషుడని అక్కడివారు కథగా చెప్పుకుంటారు. ఈ జాతిలో చాలావాటికి ఒళ్లు చాకొలెట్ రంగు, జూలూ తోకా ఎండుగడ్డి రంగు. కొండరైతులు వీటితోనే పొలం దున్నేవారు, సంతకు పోయేవారు, బండి కట్టేవారు. ఆదివారం పిల్లలు ముగ్గురేసి ఎక్కినా ఊరుకునేవి.

తరువాత రోడ్లు పడినవి. కార్లూ, ట్రాక్టర్లూ వచ్చినవి. గుర్రాన్ని మేపటం దండగ అనుకున్నారు జనం. ఆ రోజులలో సామ్ టటిల్ అనే ఆయన మాత్రం తన గుర్రాలను వదులుకోలేదు. నేచురల్ బ్రిడ్జి అనే చోట, 1960 తరువాతి సంవత్సరాలలో, ఆయన యాత్రికులకు గుర్రపు స్వారీలు నడిపేవాడు. ఆయన దగ్గర ‘ఓల్డ్ టోబ్’ అనే మగగుర్రం ఉండేది. మామూలుగా మగగుర్రం దగ్గరికి పోవాలంటేనే పెద్దవాళ్లు జంకుతారు. టోబ్ మాత్రం స్వారీ రానివాళ్లను కూడా వీపు మీద ఎక్కించుకుని, నిటారు కొండదారులలో జాగ్రత్తగా తిప్పి తీసుకువచ్చేది. అది 37 సంవత్సరాలు బతికింది. ఈనాటి రాకీ మౌంటెన్ గుర్రాలలో చాలా భాగం దాని సంతతే.

1986 లో ఈ గుర్రాలను కాపాడటానికి ఒక సంఘం ఏర్పడింది. ఆ సంఘం మొదట పేర్లు రాసుకున్న గుర్రాలు 26 మాత్రమే! ఇప్పుడు ఆ పట్టికలో వేలకు వేలు ఉన్నవి. ఈ మార్పుకు ప్రదర్శనలు చాలా సాయపడినవి.

అక్కడి గుర్రాల పెంపకశాలలో ప్రదర్శనల కాలం వసంతంలో మొదలై శరదృతువు దాకా సాగుతుంది. దానికి ముందు చాలా పని ఉంటుంది. చలికాలంలో గుర్రానికి దట్టంగా పెరిగిన బొచ్చు ఊడిపోయేదాకా రోజూ బ్రష్షుతో దువ్వుతారు. గిట్టలు చెక్కి లాడాలు సరిచూస్తారు. చలికాలమంతా విశ్రాంతిగా ఉన్న గుర్రాన్ని మొదట నిదానంగా కొండదారులలో నడిపించి, క్రమంగా దమ్ము పెంచుతారు. కుర్ర గుర్రానికి లారీ ఎక్కటం, మైకు మోత, జనం చప్పట్లు అన్నీ అలవాటు చేస్తారు. పెంపకశాలవారి పిల్లలు కూడా ఈ పనులన్నీ చేస్తారు. పిల్లలు స్వారీ చేసే పోటీలు వేరే ఉంటవి.

పోటీలో గుర్రాలన్నీ గోదాలో గుండ్రంగా తిరుగుతవి. ముందు మామూలు నడక, తరువాత వేగమైన నడక, ఆ తరువాత వెనక్కి తిరిగి రెండవ దిక్కుగా అదే పని. చివర అన్నీ వరుసగా నిలబడతవి. నిలబడ్డ గుర్రం నాలుగు అడుగులు వెనక్కి వేయాలి. కొన్ని పోటీలలో కర్రవంతెన దాటటం, గుర్రం దిగకుండానే గేటు తెరిచి మూయటం కూడా ఉంటవి. ఇక్కడ ముందు వచ్చినవాడు గెలిచినట్టు కాదు. కొండదారిలో ఈ గుర్రపు వేగం గంటకు సుమారు 11 కిలోమీటర్లే. న్యాయనిర్ణేత చూసేది నాలుగు దెబ్బలు సమంగా పడుతున్నవా, గుర్రం బెదరకుండా ఉన్నదా, పైవాడు కదలకుండా కూర్చోగలుగుతున్నాడా అని. గుర్రాన్ని సంతానానికి ఉంచేముందు కూడా దాని నడకా, స్వభావమూ పరీక్షిస్తారు.

అయితే ప్రదర్శన వల్ల గుర్రానికి ఎప్పుడూ మేలే జరుగుతుందని అనుకోకండి. అదే అమెరికాలో టెనెస్సీ రాష్ట్రానికి చెందిన మరొక మెత్తని నడక జాతి ఉన్నది. ఆ గుర్రాల పోటీలలో ముందుకాళ్లు ఎంత ఎత్తుగా ఎత్తితే అంత గొప్ప అనే వేలం వెర్రి పుట్టింది. బహుమతి మీద ఆశతో కొందరు శిక్షకులు గుర్రం కాళ్లకు మండే మందులు పూసి, గొలుసులు తగిలించారు. నొప్పికి తాళలేక పాపం అది కాళ్లు పైకెత్తేది. జనం చప్పట్లు కొట్టేవారు! ఈ క్రూరత్వాన్ని ఆపటానికి 1970 లో అక్కడ ప్రత్యేకంగా చట్టం చేయవలసివచ్చింది. రాకీ మౌంటెన్ సంఘంవారు గొలుసులనూ, ఎత్తుమడమల బరువు లాడాలనూ తమ పోటీలలో నిషేధించారు. చూసేవాళ్లు దేనిని మెచ్చుకుంటారో గుర్రం బతుకు అలాగే మారుతుంది.

ఇక మన కొండలకు వద్దాం. వన్ టౌన్ నుంచి బయలుదేరి వాయవ్య దిశగా ఘాట్ రోడ్డు ఎక్కితే పాడేరు, అరకు వస్తవి. 2022 నుంచి ఈ మన్యం అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది. ఇక్కడి తూర్పు కనుమలలో 1,600 మీటర్లు దాటిన శిఖరాలున్నవి. కొండల మీద గూడేలలో కొన్నిటికి ఈనాటికీ సరైన రోడ్డు లేదు. ఎవరికైనా జబ్బు చేస్తే డోలీ కట్టి భుజాల మీద మోసుకురావలసిందే. అలాంటి గూడేలవారికి చిన్న గుర్రాలు గొప్ప ఆసరా. వీపుకు రెండు వైపులా సమంగా తూగేలాగా బస్తాలు కట్టి, మిరియాలూ, పసుపూ, చింతపండూ వారపు సంతకు దింపుతారు. తిరుగు ప్రయాణంలో బియ్యం, ఉప్పు, నూనె పైకి ఎక్కిస్తారు. గుర్రం కాలు జారితే ఆ ఇంటి వారం రోజుల తిండి లోయపాలే.

ఈ గుర్రాలకు గోదా లేదు, బహుమతులు లేవు. మన దేశంలో ప్రత్యేకమైనవిగా గుర్తించి పట్టికలో చేర్చిన గుర్రపు జాతులు ఉన్నవి. లడఖ్ లోని జన్‌స్కారీ, హిమాచల్ లోని స్పితి, మణిపురీ, భూటియా మొదలైన కొండగుర్రాలు వాటిలో ఉన్నవి. మన మన్యపు గుర్రం మాత్రం ఆ పట్టికలో లేదు. రోడ్డు వేయాలి, తప్పదు; జబ్బుమనిషికి రోడ్డే ప్రాణం. కాని రోడ్డు వచ్చిన మర్నాటి నుంచి గుర్రం అక్కరలేదనుకుంటే, కెంటకీ కొండలలో జరగబోయి తప్పినదే ఇక్కడ నిజంగా జరుగుతుంది.

ఈసారి మీరు అమ్మానాన్నలతో అరకు వైపు పోయినప్పుడు, సంతలో బరువు దించుకుని నిలబడ్డ గుర్రం కనిపిస్తే కాసేపు ఆగండి. వెనకనుంచి పోకండి, గుర్రం బెదిరి తన్నవచ్చు. దాని యజమానిని, “బాబాయ్, దీని పేరేమిటి? వయసెంత? ఏ ఊరినుంచి నడిచి వచ్చింది?” అని మర్యాదగా అడగండి. అది కదిలినప్పుడు చెవి ఒగ్గి దెబ్బలు లెక్కపెట్టండి. రెండా, నాలుగా? విన్నది నోటు పుస్తకంలో రాసుకోండి.