మంట పక్కన నీటి తుంపర

టర్బో ఉన్న పెట్రోలు ఇంజిన్‌లోకి గాలితో పాటే పొగమంచులాంటి సన్నని నీటి తుంపరను చిమ్మే ఏర్పాటును వాటర్ ఇంజెక్షన్ అంటారు. ఒక చిన్న ట్యాంకు, దానికో పంపు, గాలి గొట్టానికి బిగించిన ఒక నాజిల్, ముఖ్యమైన సామాను ఇంతే. టర్బో నొక్కే గాలి పీడనాన్ని (బూస్ట్) పెంచి, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూలో లెక్కలు మార్చి, కంపెనీ ఇచ్చినదానికంటే ఎక్కువ శక్తి రాబట్టే ట్యూనింగ్ కార్లలో ఇది తరచు కనిపిస్తుంది. నీరు మండదు. అయినా తుంపర పడిన ఇంజిన్ మరింత బలంగా లాగుతుంది. వేడికి వెరచి ఇంజిన్ వదులుకున్న శక్తినే నీరు తిరిగి తెచ్చిపెడుతుంది.

గాలిని నొక్కితే వేడెక్కుతుందని సైకిల్ పంపు కొట్టిన ప్రతివారికీ తెలుసు. టర్బోలో జరిగేదీ అదే. 35 డిగ్రీల గాలిని పీల్చి దాని పీడనాన్ని రెట్టింపు చేస్తే, అంటే ట్యూనర్ల మాటలో ఒక బార్ బూస్ట్ ఇస్తే, 70 శాతం సామర్థ్యమున్న కంప్రెసర్‌ నుంచి ఆ గాలి దాదాపు 130 డిగ్రీలతో బయటికొస్తుంది. ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ అందులో చాలా వేడిని తీసేస్తుంది కాని, మే నెల మధ్యాహ్నం దాని ముఖానికి తగిలే గాలే సెగలు కక్కుతుంటే అది మాత్రం ఎంతని చల్లార్చగలదు? మిగిలిన వేడితోనే గాలి సిలిండర్‌ చేరుతుంది. అక్కడ పిస్టన్ మరోసారి నొక్కుతుంది.

స్పార్క్ పడ్డాక మంట ఒక చోట మొదలై అంచులకు పాకాలి. లోపల వేడి మితిమీరితే, మంట ఇంకా చేరని మూలన ఉన్న మిశ్రమం దానంతటదే ఒక్కసారిగా అంటుకుంటుంది. ఇదే నాకింగ్. ఇనుప డబ్బాలో గోళీలు దొర్లినట్టు చప్పుడు వస్తుంది. టర్బో ఇంజిన్‌లో అది కొన్ని సెకన్లు గట్టిగా సాగినా పిస్టన్ రింగుల గట్లు విరిగిపోవచ్చు. బూస్ట్ తగ్గించకుండా దీన్ని తప్పించుకోవడానికి ఈసీయూకు ఉన్న ముఖ్యమైన దారులు రెండు. ఒకటి, స్పార్క్‌ను ఆలస్యం చేయడం. అప్పుడు మంట ఇచ్చే తోపులో కొంత వృథా అవుతుంది. రెండోది, కావలసినదానికంటే ఎక్కువ పెట్రోలు పోయడం. ఈ అదనపు పెట్రోలు పూర్తిగా మండదు. ఆవిరవుతూ చుట్టూ ఉన్న గాలిని చల్లబరచడమే దాని ఉద్యోగం.

ఆ ఉద్యోగానికి పెట్రోలు ఎంత తక్కువ తగినదో లెక్క వేస్తే తెలుస్తుంది. కిలో పెట్రోలు ఆవిరి కావడానికి సుమారు 350 కిలోజౌళ్ల వేడి తీసుకుంటుంది. కిలో నీటికి కావలసింది సుమారు 2,400 కిలోజౌళ్లు. కిలో గాలికి సరిపడా పెట్రోలు 68 గ్రాములైతే, గట్టిగా తొక్కినప్పుడు టర్బో ఇంజిన్ 87 గ్రాముల దాకా తాగుతుంది. పై 19 గ్రాములూ ఆవిరై తీసుకెళ్లే వేడిని మూడు గ్రాముల లోపు నీరే తీసుకెళ్లగలదు. మామూలుగా చిమ్మే నీరు పెట్రోలు బరువులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఉంటుంది. కిలో గాలిలో 12 గ్రాముల నీరు పూర్తిగా ఆవిరైందనుకుంటే అది దాదాపు 29 కిలోజౌళ్లు, అంటే గాలి ఉష్ణోగ్రతలో దాదాపు 29 డిగ్రీల తగ్గుదల.

విశాఖపట్నంలోనో మచిలీపట్నంలోనో వేసవిలో ఎయిర్ కూలర్ పెట్టుకున్నవారికి ఇక్కడ ఒక సందేహం రావాలి. ఉక్కపోతలో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది కనుక కూలర్ పెద్దగా పనిచేయదు. ఇంజిన్‌లో మాత్రం తుంపర ఎలా పనిచేస్తుంది? గొట్టంలో తుంపర కొంతే ఆవిరవుతుంది. మిగిలిన బొట్లు బొట్లుగానే సిలిండర్‌లోకి వెళతాయి. పిస్టన్ నొక్కుతున్నకొద్దీ లోపలి ఉష్ణోగ్రత వందల డిగ్రీలకు చేరుతుంది, అంత వేడిలో గాలి ఎంత ఆవిరినైనా ఇముడ్చుకుంటుంది. సరిగ్గా నాకింగ్ పుట్టబోయే సమయానికి, పుట్టబోయే చోట, నీరు వేడిని లాగేసుకుంటుంది. ఇంటర్‌కూలర్ ఎంత పెద్దదైనా సిలిండర్ లోపలికి రాలేదు. ఈ ఉపాయంలో అన్నిటికంటే అందమైన సంగతి ఇదే.

అయితే దీనికి సమయం బహు తక్కువ. 6,000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ ఒకసారి పైకి రావడానికి పట్టేది సెకనులో 200వ వంతు. అందుకే బొట్టు ఎంత చిన్నదైతే అంత మేలు. బొట్టు వ్యాసాన్ని సగం చేస్తే అదే నీటికి ఎనిమిది రెట్లు బొట్లు, రెండింతల ఉపరితలం వస్తాయి. పంపు ఏడు, పది బార్ల పీడనంతో నీటిని సన్నని రంధ్రంలోంచి నెట్టాల్సి రావడం ఇందుకే. కారు అద్దం కడిగే మోటారుతో ఈ పని కాదు.

ఉపాయం పాతదే. హంగరీ ఇంజనీరు డోనాట్ బాంకి 1890లలోనే నీటి సాయంతో ఇంజిన్ కంప్రెషన్, అంటే సిలిండర్‌లో మిశ్రమాన్ని నొక్కే మోతాదు, పెంచాడు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు దీన్ని అందిపుచ్చుకున్నాయి. అమెరికా యుద్ధవిమానాలు థండర్‌బోల్ట్, కోర్సెయిర్‌ల ప్రాట్ అండ్ విట్నీ ఆర్-2800 ఇంజిన్‌లో నీరు మొదలవగానే ఒక వాల్వ్ తనంతట తానే పెట్రోలు తగ్గించేది. చల్లార్చే పని నీరు తీసుకుంది కనుక పెట్రోలు మండే పనికే మిగిలేది. జర్మన్లు మెథనాల్, నీరు సగం సగం కలిపి ఎండబ్ల్యూ-50 అన్నారు. దాన్ని ఒక విడతలో పది నిమిషాలకు మించి వాడకూడదన్నది నియమం.

కార్లలో అసలు కథ 1962లో, జనరల్ మోటార్స్ ఇంట్లోనే సాగిన పోటీతో మొదలైంది. ఒకే ఏడాది ఆ సంస్థ రెండు టర్బో కార్లు అమ్మకానికి పెట్టింది. షెవర్లే విభాగం కోర్వెయిర్ స్పైడర్‌లో నాకింగ్‌కు భయపడి కంప్రెషన్ నిష్పత్తిని 8కి దించింది. ఓల్డ్స్‌మొబైల్ విభాగం దించనంది. దాని జెట్‌ఫైర్ కారు 10.25 కంప్రెషన్‌తోనే టర్బో మోసింది, 215 ఘనపు అంగుళాల ఇంజిన్‌ నుంచి 215 హార్స్‌పవర్ తీసింది. ఇంటర్‌కూలర్ లేదు. ఆధారమంతా ‘టర్బో రాకెట్ ఫ్లూయిడ్’ అనే సీసా మీదే. అందులో ఉన్నది డిస్టిల్డ్ వాటర్, మెథనాల్, కాస్త తుప్పు నివారిణి.

దాని అమరిక ముచ్చటైనది. పంపు లేదు. టర్బో పుట్టించిన పీడనమే సన్నని గొట్టం ద్వారా ట్యాంకు మీద పడుతుంది. ద్రవం కార్బురేటర్‌కూ టర్బోకూ మధ్య, పీడనం తక్కువున్న చోటికి ఎగదన్నుకుని వస్తుంది. బూస్ట్ పెరిగితే తోపు పెరుగుతుంది, తుంపరా పెరుగుతుంది. బూస్ట్ లేకపోతే చుక్క రాదు. ఏ పీడనం ప్రమాదం తెస్తుందో ఆ పీడనమే విరుగుడునూ కొలిచి పోస్తుంది. ట్యాంకు ఖాళీ అయితే గాలిదారిలో ఒక కవాటం మూసుకుని బూస్ట్‌ను అదుపు చేస్తుంది. ఇంజనీర్లు అన్నీ ఆలోచించారు, ఒక్క కారు యజమాని అలవాటు తప్ప. పెట్రోలు నింపడం గుర్తుండే మనిషికి మరో సీసా నింపడం గుర్తుండలేదు, కారు నీరసించిందని ఫిర్యాదులు వచ్చాయి. రెండేళ్లలో 9,600 పైచిలుకు కార్లతో జెట్‌ఫైర్ ముగిసింది. చాలా కార్లకు టర్బో ఊడదీసి మామూలు కార్బురేటర్ బిగించారు. కంప్రెషన్ దించుకున్న కోర్వెయిర్ టర్బో మాత్రం 1966 దాకా నడిచింది.

1980లలో ఫార్ములా వన్ టర్బోల్లో రెనో, ఫెరారీ నీటిని వాడాయి. టర్బో లేని టిరెల్ జట్టు కూడా నీటి ట్యాంకు పెట్టుకుంది. 1984లో ఆ ట్యాంకులో బరువు కోసం వేసిన సీసపు గుళ్లతో పాటు నీటిలో హైడ్రోకార్బన్ల జాడ బయటపడి, జట్టునే ఆ ఏడాది పోటీల నుంచి తొలగించారు.

ఇవాళ్టి ట్యూనింగ్ కిట్లలో విద్యుత్ పంపు, బూస్ట్‌ను బట్టి ధారను పెంచే కంట్రోలర్ ఉంటాయి. నాజిల్ సాధారణంగా ఇంటర్‌కూలర్ దాటాక ఉంటుంది. కొన్ని సుబారు కార్లు ఇంటర్‌కూలర్ బయటి ముఖం మీద చల్లే నీరు వేరు, అది ఇంజిన్‌లోకి వెళ్లదు. నాజిల్ దగ్గర కరెంటుతో తెరుచుకునే సోలినాయిడ్ వాల్వ్ తప్పనిసరి. అది లేక, ఆగి ఉన్న కారులో నీరు కారి సిలిండర్‌లో నిలిస్తే, నొక్కుడు పడని ఆ నీటిని నొక్కబోయి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. పోయాల్సింది బ్యాటరీలకు వాడే డిస్టిల్డ్ వాటరే. బోరు నీటిలోని లవణాలు నాజిల్‌ను పూడ్చేస్తాయి. మెథనాల్ కలిపితే నాకింగ్‌ను తట్టుకునే గుణం (ఆక్టేన్) పెరుగుతుంది కాని అది విషం, పగటి వెలుగులో దాని మంట కంటికి ఆనదు. అన్నిటికంటే ముఖ్యం ధారను కనిపెట్టే సెన్సార్. నీటిని నమ్మి స్పార్క్ ముందుకు జరిపిన ఇంజిన్‌కు నీరు ఆగిన క్షణమే బూస్ట్ తగ్గాలి.

2016లో బీఎమ్‌డబ్ల్యూ ఎం4 జీటీఎస్ బాష్ సంస్థ వ్యవస్థతో వచ్చింది. డిక్కీలో ఐదు లీటర్ల ట్యాంకు, మూడు ఇంజెక్టర్లు. మామూలు ఎం4 శక్తి 431 హార్స్‌పవర్ అయితే దీనిది 500. ఇంజిన్ ఆపగానే గొట్టాల్లోని నీరు గడ్డకట్టకుండా ట్యాంకులోకి వెనక్కి వెళ్లిపోతుంది. ట్యాంకు నింపడం మాత్రం ఇక్కడా యజమాని వంతే. ఆ బాధ్యత కూడా తప్పించడానికి బీఎమ్‌డబ్ల్యూ తన 1 సిరీస్ ప్రయోగ కారులో మరో దారి చూపింది. ఏసీ వేసినప్పుడు కారు కింద రోడ్డు మీద కారిపోయే నీటినే పట్టి ఇంజెక్షన్ ట్యాంకులోకి మళ్లించింది.