హాబీ గడిలో ఏం రాస్తున్నారు?

సివిల్స్ అభ్యర్థులు నింపే డీటెయిల్డ్ అప్లికేషన్ ఫామ్‌లో హాబీలకు ఓ గడి ఉంటుంది. ఏం రాయాలో తోచక కొందరు ‘గార్డెనింగ్’ అని రాసేస్తారు. తీరా బోర్డులో ఎవరైనా ‘తోటకూర గింజ వేశాక కోతకు ఎన్నాళ్లు?’ అంటే నోట మాట రాదు. అది 275 మార్కుల ఇంటర్వ్యూ! రెజ్యూమెలో ఊరికే రాసిన హాబీతో ప్రైవేటు కొలువు ఇంటర్వ్యూలోనూ ఇదే ఇబ్బంది.

రాసేదేదో నిజం చేసుకోండి. ఆకుకూరలకు పెరడే అక్కర్లేదు, డాబా మీద జానెడు లోతున్న రెండు టబ్బులు చాలు. అద్దె రూమ్ అయితే ఓనర్‌ను ఓ మాట అడగండి, నీళ్లు కిందికి కారితే గొడవ మీకే. అడుగున రంధ్రాలు పెట్టి ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్ట్ సమపాళ్లలో కలిపి నింపండి.

మెంతులతో మొదలుపెట్టండి. వంటింటి డబ్బాలోవే రాత్రి నానబెట్టి చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలుస్తాయి, మూడు వారాలు దాటాక కోసుకోవచ్చు. మెంతి పప్పుజాతి మొక్క. దాని వేళ్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. ఈ ఒక్క ముక్క పట్టుకుని బోర్డు పది ప్రశ్నలు అడగొచ్చు. కోశాక వేళ్లను మట్టిలోనే వదిలేసి అదే టబ్బులో తోటకూర వేయండి. ఆ గింజలు నలుసంత ఉంటాయి కాబట్టి గుప్పెడు ఇసుకలో కలిపి చల్లాలి. నెలకల్లా కూర సిద్ధం. జొన్న, మొక్కజొన్నల్లా ఇదీ సీ4 మొక్క, అందుకే మంచి ఎండలోనూ ఏపుగా పెరుగుతుంది. మరి పాలకూర? మన బజార్లో దొరికేది బీట్‌రూట్ జాతిది. ఇంగ్లిష్‌లో స్పినాచ్ అనేస్తాం గానీ ఆ మొక్క వేరు. కొత్తిమీర జోలికి మొదట్లోనే వెళ్లొద్దు. ధనియాలను నలిపి బద్దలు చేసి వేసినా మొలకకు వారం పైనే ఆగాలి, ఎండాకాలం అయితే సరిగా రాదు.

‘డాబా మీద ఆకుకూరలు, నెలకు లక్షలు’ అనే వీడియోలు చూసి ప్రిపరేషన్ మాత్రం మానేయకండి. రెండు టబ్బులు ఇచ్చేది అప్పుడప్పుడూ ఓ పూట కూర, అంతే.

గింజ వేసిన తేదీ, మొలిచిన తేదీ, ఖర్చు, కోసిన కూర బరువు ఓ నోట్‌బుక్‌లో రాయండి. పేనుబంక పట్టిందా, అదీ రాయండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లి చూడండి. తగ్గకపోతే తర్వాత ఏం చేశారో కూడా రాసుకోండి. ‘మొక్కలు పాడైతే ఏం చేశారు?’ అని అడిగితే జవాబు ఆ పేజీలోనే ఉంటుంది.