ఒకే పాత ఫోను, ఒక్కోచోట ఒక్కో ధర

పాత ఫోను అమ్ముదామని చూస్తే ఒక్కో యాప్‌లో ఒక్కో ధర కనిపిస్తుంది. ఎవరో మోసం చేస్తున్నారనుకుంటాం. చాలాసార్లు అది మోసం కాదు, లెక్క.

ఓఎల్ఎక్స్‌లో అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ నేరుగా మాట్లాడుకోవచ్చు. మధ్యలో వ్యాపారి లేకపోతే అమ్మేవాళ్లకి కాస్త ఎక్కువే వస్తుంది. కానీ బేరం, ఎదురుచూపు, ముక్కూమొహం తెలియని మనిషిని కలవడం అన్నీ మన నెత్తినే. క్యాషిఫై లాంటి కంపెనీ తానే కొని, పరీక్షించి, బాగుచేసి, వారంటీతో తిరిగి అమ్ముతుంది. ఆ ఖర్చూ లాభమూ తీసేసుకుని మిగిలిందే మనకిస్తుంది.

అసలు సంగతి నమ్మకం. మద్రాసు మూర్ మార్కెట్‌లో పాత పుస్తకాన్ని తిరగేసి చూసి బేరమాడేవారు. తెర మీద ఆ వీలు లేదు. లోపం అమ్మేవాళ్లకి తెలుసు, కొనేవాళ్లకి తెలీదు. అందుకే తగ్గించి అడుగుతారు. ఆ ధరకి మంచి సరుకున్నవాళ్లు అమ్మరు, నాసిరకమే మిగులుతుంది. 1970లో జార్జ్ అకెర్లాఫ్ పాత కార్ల ఉదాహరణతో వివరించింది ఇదే. 2001లో ఆయన ఆర్థికశాస్త్ర నోబెల్‌ను మరో ఇద్దరితో పంచుకున్నారు. బిల్లూ, లోపాన్ని దాచని ఫోటోలూ ఉంటే మంచి ధర పలికేది అందుకే.

కాబట్టి నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయని ఒంటరిగా ఎవరింటికీ వెళ్లకండి. జనం ఉన్నచోట, తోడుతో కలవండి. ఫోటోలూ ఖాతాలూ చెరిపేశాకే ఫోను ఇవ్వండి. ఇంకో మాట: మనకి డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు. కొట్టమన్నారంటే మన డబ్బు పోబోతోందన్నమాట!