కరువు నేలలో నడాల్ బడి

మా తిరుపతి వైపు కాలేజీల్లో టెన్నిస్ కోచ్ అంటూ విడిగా ఒకరు ఉండటం అరుదు. ఉండేది పి.డి. సారు. కబడ్డీకీ ఆయనే, ఖోఖోకీ ఆయనే, ఆగస్టు పదిహేనుకు మార్చ్‌పాస్ట్ నేర్పేదీ ఆయనే. యూనివర్సిటీ పోటీలు దగ్గరపడ్డాయంటే ఎవరింట్లో రాకెట్ ఉందో ఆరా తీసి జట్టు కడతాడు. మట్టి కోర్టుంటే నీళ్లు చల్లించాలి, రోలర్ తిప్పించాలి, సున్నంతో గీతలు వేయించాలి. రెండేళ్లు పట్టించుకోకపోతే అందులో వాలీబాల్ నెట్ వెలుస్తుంది.

అమెరికాలో యూనివర్సిటీలు స్కాలర్‌షిప్ ఇచ్చి మరీ ఆటగాళ్లను చేర్చుకుంటాయి, పూర్తికాలం కోచ్‌ను పెడతాయి. వుయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని అలాగే అలబామా వెళ్లి చదువుకుంటూ ఆడాడు. 2014 ఇంచియాన్ ఏషియన్ గేమ్స్‌లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు.

ఆటనూ చదువునూ అలా ఒక్కచోట కట్టిన బడి మన సీమలోనూ ఉంది. చూడాలంటే పీలేరు, మదనపల్లె, కదిరి దాటుకుని అనంతపురం పోవాలి. దారి పొడవునా చెనక్కాయ చేలు. అనంతపురం చేరేలోపు బత్తలపల్లి వస్తుంది. అక్కడ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఆసుపత్రి ఉంది, ఆ సంస్థ పెట్టిన విన్సెంట్ ఫెర్రర్ సమాధీ అక్కడే. టెన్నిస్ కథలో ఈయనెందుకంటారా? ఆయన లేకుండా ఈ కథ మొదలు కాదు.

ఫెర్రర్ 1920లో బార్సిలోనాలో పుట్టాడు. జెస్యూట్‌గా 1952లో బొంబాయి వచ్చి, మన్మాడ్ ప్రాంతంలో రైతుల చేత బావులు తవ్వించాడు. తవ్వినన్నాళ్లూ గోధుమలు, నూనె ఇచ్చేవాడు. జనం ఆయన వెంట నడవడం పెద్దలకు గిట్టలేదు. 1968లో దేశం వదిలి పొమ్మన్నారు. వేలమంది రైతులు ఆయన కోసం బొంబాయికి కాలినడకన కదిలారు. మరుసటేడు తిరిగొచ్చి అనంతపురంలో దిగాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప అనుకునే జిల్లా ఇది. తర్వాత జెస్యూట్ సంఘాన్ని వదిలి, యాన్ అనే ఆవిడను పెళ్లి చేసుకున్నా ఊళ్లవాళ్లకు మాత్రం చివరిదాకా ‘ఫాదరే’. చెక్‌డ్యామ్‌లు, బడులు, ఆసుపత్రి, ఆడవాళ్ల పేరిట రిజిస్టరైన ఇళ్లు... నలభై ఏళ్ల పని అది. 2009 జూన్‌లో పోయాడు.

ఆ మరుసటేడే, 2010 అక్టోబరులో, రఫెల్ నడాల్ అనంతపురం వచ్చాడు. అంతకు నెల ముందే యూఎస్ ఓపెన్ గెలిచి నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ పూర్తి చేసినవాడు. అతని ఫౌండేషనూ ఫెర్రర్ సంస్థా కలిసి ఆర్డీటీ క్రీడా గ్రామంలో టెన్నిస్ బడి తెరిచాయి. పేదింటి పిల్లలకు టెన్నిస్‌తోపాటు ఇంగ్లిష్, కంప్యూటర్ పాఠాలు, బలమైన తిండి. నాకైతే మొదట విడ్డూరంగానే తోచింది. అధికారుల క్లబ్బుల్లో తెల్ల నిక్కర్లవాళ్లు ఆడుకునే ఆట, కూలికి పోయే ఇంటి పిల్లకెందుకు? ఆలోచిస్తే అసలు సంగతి వరసలో ఉంది. ముందు నీళ్లొచ్చాయి, తర్వాత ఇల్లు, ఆసుపత్రి, బడి. రాకెట్ వచ్చింది ఆఖర్న. మొదటే తెచ్చుంటే మూడు నెలలకు మూలన పడేది.

ఈ ఆటకు చేయి చిన్నప్పుడే తిరగాలి. కొత్తగా చేరిన పిల్ల రాకెట్‌ను రోకలి పట్టినట్టు గుప్పిట బిగించి పట్టుకుంటుంది. ప్రపంచమంతటా ఇప్పుడు పసివాళ్లకు మొదట ఎర్ర బంతి ఇస్తారు. అది మామూలు బంతికన్నా 75 శాతం నెమ్మది, కోర్టూ 36 అడుగులే. బంతి లేచి నడుం దగ్గరికి వచ్చేదాకా ఆగడం అక్కడే అలవాటవుతుంది. ఆ తర్వాత నారింజ బంతి, 60 అడుగుల కోర్టు. ఆకుపచ్చ బంతికి వచ్చేసరికి అసలు కొలత, 78 అడుగులు. తొందరపడి ఒక మెట్టు దాటించిన కోచ్, తర్వాత ఆ పిల్ల మణికట్టుతో ఏళ్లకేళ్లు కుస్తీ పట్టాల్సిందే.

ఇక్కడికి వచ్చినవాళ్లంతా అడిగేది ఒకటే: ఇన్నేళ్లకు ఎంతమంది చాంపియన్లు తేలారు? తప్పు ప్రశ్న అంటాను. టెన్నిస్ ఇక్కడ ఎర. దానికోసం వచ్చిన పిల్ల ఇంగ్లిష్ క్లాసులోనూ కూర్చుంటుంది, తోటి మగపిల్లాడితో సమానంగా నెట్ దగ్గర నిలబడి పాయింటు అడుగుతుంది.

మరి మా పి.డి. సారు చేతికి కుర్రాడు వచ్చేది పదిహేడో ఏట. పట్టు అప్పటికే కుదిరిపోయి ఉంటుంది, తప్పో ఒప్పో. పోటీకి ఇంకో పదిరోజులే గడువు. సర్వీసు కాస్త సరిచేసి, బస్సు ఛార్జీలకు బిల్లు పెట్టుకుంటాడు. పతకం రాలేదేమని ప్రిన్సిపాల్ అడిగేదీ ఆయన్నే.