యోసేపు కొట్లు, నేటి డేటా గిడ్డంగులు



ఈమధ్య మన సంఘాలలో ఉద్యోగం కొరకు ప్రార్థించమని అడిగే యౌవనస్థుల నోట "డేటా అనలిస్టు", "బి.ఐ. డెవలపర్" అనే మాటలు తరచుగా వినబడుతున్నాయి. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకొని మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో చేరిన బిడ్డ అక్కడ ఏం చేస్తాడని అడిగితే తల్లిదండ్రులు "ఏదో కంప్యూటర్ పని" అంటారు. జీతం వచ్చింది, దేవునికి స్తోత్రం, అంతవరకే మనకు తెలుసు. కానీ ఆ బిడ్డ బల్ల మీద ఉన్నవి చాలావరకు మనుష్యుల వివరాలు. వాటిలో మనవి కూడా ఉండవచ్చు. అందుకే ఈ వారం ఆ పని గురించి వ్రాస్తున్నాము.

సూపర్ మార్కెట్‌లో బిల్లు కట్టేటప్పుడు "ఫోన్ నంబర్ చెప్పండి" అంటారు. పాయింట్లు వస్తాయని మనం చెప్పేస్తాము. ఆ క్షణం నుండి మనం కొన్న కందిపప్పు, సబ్బు, షుగరు లేనివారు మానుకోని మిఠాయి, షుగరు ఉన్నవారు తాగే చక్కెరలేని పానీయం అన్నీ ఆ నంబరు కింద తేదీలతో సహా చేరుతుంటాయి. ఒక ఇంటి బిల్లులు చూస్తే పెద్దగా ఏమీ తెలియదు. కోట్ల ఇళ్ల బిల్లులు, కార్డు చెల్లింపులు, ఫోన్‌లో వెదికిన మాటలు ఒకచోట పోగైతే దాన్ని బిగ్ డేటా అంటున్నారు. 2001లో డగ్ లేనీ అనే విశ్లేషకుడు దీనికి మూడు గుర్తులు చెప్పాడు: పరిమాణం ఎక్కువ, వచ్చే వేగం ఎక్కువ, రకాలు ఎక్కువ.

పోగైనంత మాత్రాన అది ఎవరికీ ఉపయోగపడదు. దాన్ని శుభ్రంచేసి, డేటా వేర్‌హౌస్ అనే గిడ్డంగిలో వరుసగా పెట్టి, ఏ ఊరిలో ఏ సరుకు పడిపోతోంది, ఏ ఖాతాదారుడు మనల్ని విడిచిపోయేలా ఉన్నాడు అని యజమానికి ఒక తెర మీద చూపించే పని బిజినెస్ ఇంటెలిజెన్స్. ఆ తెరను డ్యాష్‌బోర్డ్ అంటారు. మాట కొత్తది కాదు. ఐ.బి.ఎం. సంస్థలోని హాన్స్ పీటర్ లూన్ 1958లోనే ఈ పేరుతో వ్యాసం వ్రాశాడు.

దీనివల్ల మేలు లేదని మేము అనము. 2004లో అమెరికాలోని ఫ్లోరిడా వైపు ఫ్రాన్సెస్ తుపాను వస్తున్నప్పుడు వాల్‌మార్ట్ అధికారులు, కొద్ది వారాల క్రితం వచ్చిన చార్లీ తుపాను నాటి అమ్మకాలను తిరగవేశారు. టార్చిలైట్లు, నీళ్లు అమ్ముడవుతాయని ఎవరైనా చెప్పగలరు. లెక్కల్లో కనబడింది వేరు. తుపానుకు ముందు స్ట్రాబెర్రీ పాప్‌టార్ట్స్, అంటే పొయ్యి లేకపోయినా తినగల తీపి పలకలు, మామూలుకంటే ఏడు రెట్లు అమ్ముడయ్యాయి. అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైనది బీరు. (దాని గురించి ఇక్కడ విస్తరించము.) వెంటనే లారీలు ఆ సరుకుతో బయలుదేరాయి. కరెంటు పోయిన ఇంట్లో పిల్లలకు తినడానికి ఏదో ఒకటి దొరికింది, కంపెనీకి లాభమూ వచ్చింది. ఇద్దరికీ మంచిదే.

ఈ పనికి బైబిలులో పోలిక వెదికితే మాకు యోసేపు గుర్తుకు వస్తాడు. ఆదికాండము 41వ అధ్యాయములో ఆయన ఏడు సమృద్ధి సంవత్సరాలలో పంటలో ఐదవ వంతు తీయించి పట్టణాలలో నిలువ చేయించాడు. లెక్క వ్రాయించాడు, ధాన్యం లెక్కకు అందనంతగా పెరిగాక వ్రాయడం మానివేశాడు. కరవు వచ్చినప్పుడు ఆ లెక్కే దేశాన్ని బ్రతికించింది. మన యౌవనస్థులు ఈ అధ్యాయాన్ని సంతోషంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. అయితే 47వ అధ్యాయము కూడా చదవాలి. ప్రజలు మొదట తమ డబ్బు ఇచ్చారు, తరువాత పశువులు, తరువాత పొలాలు, చివరికి తమ్మును తామే. దేశమంతా ఫరోది అయిపోయింది. ప్రాణాలు నిలిచాయి, దానిని తక్కువ చేయలేము. కానీ గిడ్డంగి తాళం ఎవరి చేతిలో ఉంటే అధికారం వారి దగ్గరికి చేరుతుందని ఆ అధ్యాయము దాచకుండా చెబుతోంది.

అధికారం ఎలా చేరుతుందో చూడడానికి మరొక అమెరికా దుకాణం సంగతి చాలు. టార్గెట్ సంస్థలో ఆండ్రూ పోల్ అనే గణాంక నిపుణుడు, సుమారు 25 రకాల వస్తువుల కొనుగోళ్లను బట్టి ఏ స్త్రీ గర్భవతియో అంచనా వేసే పద్ధతి తయారుచేశాడని 2012లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్ వ్రాసింది. వాసన లేని లోషన్, కాల్షియం, జింకు మాత్రలు మొదలైనవి ఆ గుర్తులు. ఆ స్త్రీ ఎవరికీ చెప్పలేదు, దుకాణానికి తెలిసింది. పసిపిల్లల వస్తువుల కూపన్లు మాత్రమే పంపితే ఆమె కలవరపడుతుందని గ్రహించి, డైపర్ల ప్రకటన పక్కన గడ్డి కోసే యంత్రం ప్రకటన వంటివి పెట్టడం మొదలుపెట్టారు. మాకు ఈ రెండవ సంగతే ఎక్కువ బాధ కలిగించింది. తెలుసుకోవడం ఒక ఎత్తు, తెలుసని తెలియకుండా దాచడం మరొక ఎత్తు. ఆమెకు ఇష్టం లేదని వారికి తెలుసు గనుకనే దాచారు.

ఇంతకంటే లోతైన తప్పు ఒకటుంది. ఎవరూ ఎవరినీ మోసం చేయాలనుకోకపోయినా అది జరుగుతుంది.

అమెరికాలో కొన్ని ఆసుపత్రులు, ఎక్కువ శ్రద్ధ అవసరమైన రోగులను ఎన్నుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ వాడేవి. ఎక్కువ మార్కు వచ్చిన రోగికి ప్రత్యేక నర్సులు, అదనపు అపాయింట్‌మెంట్లు దొరుకుతాయి. మార్కు వేసేటప్పుడు రోగి జాతి ఏమిటో ఆ సాఫ్ట్‌వేర్‌కు చెప్పలేదు, కనుక పక్షపాతం ఉండదనుకున్నారు. జియాద్ ఓబర్‌మేయర్, సెంధిల్ ముల్లైనాథన్ తదితరులు ఒక పెద్ద ఆసుపత్రికి చెందిన దాదాపు 50 వేలమంది రికార్డులు పరిశీలించి 2019లో 'సైన్స్' పత్రికలో ఫలితం ప్రకటించారు. ఒకే మార్కు వచ్చిన వారిలో నల్లజాతి రోగులు తెల్లజాతివారికంటే ఎక్కువ జబ్బుగా ఉన్నారు. తప్పు సరిచేస్తే ప్రత్యేక శ్రద్ధకు ఎంపికయ్యే నల్లజాతివారి వాటా 17.7 శాతం నుండి 46.5 శాతానికి పెరుగుతుందని తేలింది.

కారణం చాలా చిన్నది. జబ్బును కొలవడం కష్టం, ఖర్చును కొలవడం తేలిక. అందుకని ఆ సాఫ్ట్‌వేర్ "ఈ మనిషికి ఎంత జబ్బు ఉంది" అనే ప్రశ్నకు బదులు "ఈ మనిషి మీద ఎంత ఖర్చవుతుంది" అని లెక్క కట్టింది. ఒకే జబ్బున్నా నల్లజాతివారి వైద్యం మీద తక్కువ డబ్బు ఖర్చవుతూ వచ్చింది. తక్కువ ఖర్చు కాబట్టి తక్కువ జబ్బు అని యంత్రం తీర్మానించింది. ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన సంస్థతో కలిసి పరిశోధకులు కొలత మార్చి చూస్తే ఆ తేడా చాలావరకు తగ్గింది. అంటే బాగుచేయలేనిదేమీ కాదు, ఎవరో ఒకరు ఆగి అడగాలి, అంతే.

ఇది చదివినప్పుడు మన పల్లెల్లోని అవ్వ మా కళ్లముందు కదిలింది. ఆర్.ఎం.పీ. డాక్టరు దగ్గర సూది వేయించుకొని, చేతిలో నోట్లు పెట్టి ఇంటికి నడిచి వచ్చే అవ్వ. ఆమెకు బిల్లు లేదు, కార్డు లేదు, ఆన్‌లైన్ అపాయింట్‌మెంట్ లేదు. రికార్డులు మాత్రమే చూసే యంత్రానికి ఆమె ఆరోగ్యవంతురాలు.

లూకా సువార్త 15వ అధ్యాయములో ప్రభువు చెప్పిన కాపరి కూడా లెక్కపెట్టాడు. లెక్కపెట్టకుండా నూరింటిలో ఒకటి తప్పిపోయిందని తెలియదు. అయితే డ్యాష్‌బోర్డ్ మీద 99 శాతం అంటే పచ్చరంగు, సాయంత్రం మీటింగులో దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఆ కాపరి లెక్కను ముగించిన చోట మొదలుపెట్టాడు.

కాబట్టి ఈ పనిలో ఉన్న మన బిడ్డలకు ఒక మాట. మీ టేబుల్‌లో ప్రతి కాలమ్ పేరు చూసి, ఇది నిజంగా దేన్ని కొలుస్తోంది, దేనికి బదులు వాడుతున్నాము, ఇందులో పేరు ఎక్కని వారెవరు అని అడగండి. రిపోర్టు ఆలస్యమవుతుందని మేనేజరుగారు విసుక్కోవచ్చు. మెయిల్‌లో వ్రాసి పంపండి. తల్లిదండ్రులు, కాపరులు కూడా జీతమెంత అని మాత్రమే కాక, నీ లెక్క ఎవరి జీవితం మీద పడుతుంది నాయనా అని అడగవచ్చు.

కంపెనీలను గురించి ఇంత వ్రాసి మన సంగతి విడిచిపెట్టడం న్యాయం కాదు. మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమలవుతున్నాయి. వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి, సమ్మతి తీసుకోవాలి, తప్పుంటే దిద్దాలి, కోరితే తొలగించాలి అన్నవి దానిలోని ముఖ్య విషయాలు. కాగితం మీద వ్రాసింది తరువాత కంప్యూటర్‌లోకి ఎక్కించినా అది ఈ చట్టం కిందికి వస్తుంది. మన ఉజ్జీవ సభలలో పంచే ప్రార్థన కార్డులు ఒకసారి తలచుకోండి. పేరు, ఫోన్ నంబరు, ఊరు, దాని కింద "భర్త తాగుడు", "కూతురికి సంతానం లేదు", "క్యాన్సరు". సభ అయిపోయాక ఆ కార్డులు ఎక్కడికి వెళ్తున్నాయి? ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టినప్పుడు ఎంతమంది చూస్తున్నారు? మరుసటి సభకు రమ్మని ఆ నంబర్లకే సందేశాలు పంపడానికి ఆ తల్లి ఒప్పుకున్నదా?

ఈ ప్రశ్న మమ్మల్ని కూడా వదలలేదు. మా కార్యాలయానికి వచ్చిన ప్రార్థన మనవులు ఏళ్ల తరబడి కంప్యూటర్‌లో అలాగే ఉన్నాయి. ఎవరూ దురుపయోగం చేయలేదు, ఎవరూ పట్టించుకోనూ లేదు. ఇకమీదట ప్రార్థన బృందం చదివిన మూడు నెలలకు వాటిని తొలగించాలని, చందా కోసం ఇచ్చిన ఫోన్ నంబర్లను చందాకు తప్ప మరి దేనికీ వాడకూడదని తీర్మానించుకున్నాము. అంతకంటే ముందే తమ మనవిని తీసివేయమని కోరేవారు ఒక్క మాట తెలియజేయండి, కారణం చెప్పనక్కరలేదు.